కౌంటర్ ఇవతల నుంచి: పదివేల ఫోన్ మీద అపోహలు - వాస్తవాలు

తెనాలిలో మా కొట్టులో రెండు బల్లలుంటాయి. ముందు బల్ల మీద కొత్త ఫోన్లు అమ్ముతాం, వెనక బల్ల మీద పాడైన ఫోన్లు విప్పుతాం. పన్నెండేళ్లుగా ఆ రెండిటి మధ్యా తిరుగుతున్నాను. ముందు బల్ల దగ్గర జనం దేన్ని చూసి మురిసిపోతారో, వెనక బల్ల దగ్గరికి వచ్చేసరికి దాని ఊసే ఎత్తరు. పదివేల లోపు ఫోన్లయితే మరీనూ. మొదటి రోజు నచ్చేవి కొన్ని, మొదటి రోజు భయపెట్టేవి కొన్ని. రెండిట్లోనూ తప్పు లెక్కలు చాలా ఉన్నాయి.

అపోహ: కొత్త ఫోన్ వేడెక్కుతోంది, చార్జింగ్ నిలవడం లేదు, పీస్ ప్రాబ్లం.

ఈ మాటతో బిల్లు పట్టుకుని రెండో రోజే వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మొన్న ఒక పెద్దాయన ఫోన్ బల్ల మీద పెట్టేసి, "బాబూ, ఇది పెనంలా కాలుతోంది, మార్చివ్వు" అన్నారు. తీసి చూస్తే పాత ఫోన్‌లోని వాట్సాప్ బ్యాకప్ ఇంకా దిగుతూనే ఉంది. ముప్ఫై యాప్‌లు అప్‌డేట్ కోసం వరసలో ఉన్నాయి. సిస్టమ్ అప్‌డేట్ ఒకటి సగంలో ఆగింది.

వాస్తవం ఏమిటంటే, కొత్త ఫోన్ మొదటి రెండు మూడు రోజులూ ఇల్లు మారిన సంసారం లాంటిది. సామాను సర్దుకునే దాకా చెమట తప్పదు. యాప్‌లు, ఫోటోలు అన్నీ దిగాక కూడా గ్యాలరీ ఒక్కో ఫోటోనీ చూసి మొహాలవారీగా విడదీసుకునే పని పెట్టుకుంటుంది. ప్రాసెసర్ చిన్నది కాబట్టి ఆ పనికి ఎక్కువసేపు పడుతుంది. వైఫై ఉన్న చోట ఒక రాత్రి వదిలేసి, నాలుగైదు రోజులు మామూలుగా వాడండి. ఆ తర్వాత కూడా జేబులో ఊరికే ఉన్నప్పుడు వేడిగా తగిలితే అప్పుడు అనుమానించాలి. అయితే మార్చుకునే గడువు ఏడు రోజులే అయితే ఆరో రోజు దాటనివ్వకండి. నేను చెప్పానని ఆగి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

దీనికి తోబుట్టువు ఇంకొకటుంది: వాడేముందు ఎనిమిది గంటలు చార్జింగ్ పెట్టాలన్నది. అది నికెల్ బ్యాటరీల నాటి మాట. సోనీ లిథియం అయాన్ బ్యాటరీని 1991లోనే మార్కెట్‌లోకి తెచ్చింది. దానికి ఈ తతంగం అక్కర్లేదు. డబ్బా తెరిచి వాడుకోవచ్చు.

అపోహ: 4 జీబీ + 4 జీబీ అంటే 8 జీబీ ర్యామ్.

నాకు ఒళ్లు మండేది దీని దగ్గరే. ర్యామ్ అంటే మా వెనక బల్ల లాంటిది. విప్పిన సామానంతా దాని మీదే పరిచి పని చేస్తాం. స్టోరేజ్ అంటే మూలనున్న బీరువా. ప్లస్ పక్కనున్న ఆ రెండో 4 జీబీ వర్చువల్ ర్యామ్. అంటే బీరువాలో ఒక అర ఖాళీ చేసి, దాన్ని కూడా బల్ల అని పిలవడం. ప్రతి స్క్రూకీ లేచి బీరువా దాకా వెళ్లి రావాలి. బొత్తిగా పనికిరాదని అనను, వెనకాల ఉంచిన యాప్ మొదటి నుంచి తెరుచుకోకుండా ఒక్కోసారి ఆదుకుంటుంది. కానీ 8 జీబీ ఫోన్ ఇచ్చే సుఖం దీంతో రాదు.

ఆ బీరువా ఎలాంటిదన్నది ర్యామ్ అంత ముఖ్యం, దాన్ని మాత్రం ఎవరూ అడగరు. చవక ఫోన్లలో ఈఎంఎంసీ, యూఎఫ్‌ఎస్ అని రెండు రకాల స్టోరేజ్ వస్తుంది. ఈఎంఎంసీ 5.1 గరిష్ఠ వేగం సెకనుకు 400 ఎంబీ. యూఎఫ్‌ఎస్ 2.2 అయితే దాదాపు 1200 ఎంబీ దాకా పోగలదు. పైగా ఈఎంఎంసీ ఒక సమయంలో చదవనైనా చదువుతుంది, రాయనైనా రాస్తుంది. యూఎఫ్‌ఎస్ రెండూ ఒకేసారి చేస్తుంది. ఏడాది తిరిగాక "ఫోన్ స్లో అయింది అన్నా" అంటూ నా దగ్గరికి వచ్చే ఫోన్లలో ఎక్కువ ఈఎంఎంసీవే. అవీ నిండా వీడియోలతో కిక్కిరిసినవి. మీ బడ్జెట్‌లో యూఎఫ్‌ఎస్ దొరికితే రంగు నచ్చకపోయినా అదే తీసుకోమంటాను.

అపోహ: 50 మెగాపిక్సెల్, వెనక మూడు కెమెరాలు, ఇంకేం కావాలి?

50 మెగాపిక్సెల్ సెన్సర్ మామూలుగా నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపి, పన్నెండున్నర మెగాపిక్సెళ్ల ఫోటో ఇస్తుంది. అది మోసం కాదు. ఒక్కో పిక్సెల్ మరీ చిన్నది కాబట్టి నాలుగూ కలిస్తేనే చీకట్లో కాస్త వెలుతురు చిక్కుతుంది. కానీ ఆ మూడు కళ్ల సంగతి వేరు. ఒకటి అసలు కెమెరా, రెండోది 2 మెగాపిక్సెళ్ల అలంకారం, మూడోది చాలా ఫోన్లలో ఉత్త గాజు ముక్క. మా కొట్టులో లైట్లు దండిగా ఉంటాయి కాబట్టి ఇక్కడ తీసిన ఫోటో ఎవరికైనా బాగానే కనిపిస్తుంది. సాయంత్రం ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద, కుదురుగా కూర్చోవడం రాని పిల్లాణ్ణి తీసి చూడండి.

స్క్రీన్ సంగతి రెండు ముక్కల్లో: 120 హెర్ట్జ్ అంటే సెకనుకు 120 సార్లు బొమ్మ మారుతుందని, అంతే. అక్షరం ఎంత స్పష్టంగా ఉందో చెప్పేది రిజల్యూషన్, అంటే తెర మీద పిక్సెళ్ల (చుక్కల) లెక్క. 6.7 అంగుళాల తెర మీద హెచ్‌డీ ప్లస్ అంటే అంగుళానికి దాదాపు 262 పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీ ప్లస్ అంటే దాదాపు 393. వేలితో జరిపినప్పుడు హెర్ట్జ్ మురిపిస్తుంది, వార్త చదువుతున్నప్పుడు పిక్సెళ్లు కావాలి.

అపోహ: డబ్బా మీద 5జీ అని ఉంటే ఏ సిమ్ వేసినా 5జీయే.

2024 నవంబర్‌లో రెడ్‌మీ ఏ4 5జీ 8,499 రూపాయలకు వచ్చింది. ఆ ధరలో 5జీ అనేసరికి అందరి కళ్లూ దాని మీదే. కానీ అది స్టాండలోన్ 5జీకి, అంటే 4జీ ఆసరా లేకుండా సొంతంగా నడిచే 5జీకి మాత్రమే పనికొచ్చే ఫోన్. జియో 5జీ స్టాండలోన్ పద్ధతిలో నడుస్తుంది. ఎయిర్‌టెల్ 2022లో మొదలుపెట్టింది 4జీని ఆసరా చేసుకునే నాన్ స్టాండలోన్ పద్ధతిలో. దాంతో ఎయిర్‌టెల్ సిమ్ వేసినవాళ్లకు ఆ ఫోన్ 4జీ ఫోన్‌గానే మిగిలింది. అదే డబ్బాలో 33 వాట్ల చార్జర్ ఇచ్చారు, ఫోన్ తీసుకునేది 18 వాట్లే. ఫోన్ ఎంత తాగగలదో అంతే తాగుతుంది, బిందె పెద్దదైనంత మాత్రాన లాభం లేదు. దాని స్టోరేజ్ మాత్రం యూఎఫ్‌ఎస్ 2.2. ఆ మెచ్చుకోలు ఇవ్వాల్సిందే.

టెంపర్డ్ గ్లాస్ మీద ఉండే "9హెచ్" అన్న ముద్ర వజ్రం పక్కన నిలబడే గట్టిదనం అనుకుంటారు. ఆ హెచ్ పెన్సిల్ గట్టిదనం కొలత. 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడదని దానర్థం. ఇసుక రేణువుకు ఆ సంగతి తెలియదు. ప్లాస్టిక్ వీపు నాసిరకం అన్నది కూడా వట్టి మాట. కిందపడితే గాజు వీపే పగులుతుంది.

కొనేటప్పుడు కౌంటర్ దగ్గరే చూసుకోవాల్సినవి చెబుతాను. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు, డబ్బా మీద అంకెలతో, బిల్లుతో సరిపోయిందా చూడండి. అనుమానముంటే ఇంగ్లీషులో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలూ కొట్టి 14422కి మెసేజ్ పెట్టండి. మ్యాప్ తెరిచి అక్కడే గుండ్రంగా తిరగండి. నీలం గుర్తు మీతో తిరగకపోతే అందులో దిక్సూచి సెన్సర్ లేనట్టే. మీ సిమ్ వేసి ఎవరికైనా కాల్ చేసి చెవి దగ్గర పెట్టుకోండి. స్క్రీన్ వెంటనే ఆరిపోవాలి.

ఈ ఆఖరిది పెద్దాయన నేర్పిన పాఠం. అయిదో రోజు మళ్లీ వచ్చారు. వేడి తగ్గిందట, చార్జింగూ నిలుస్తోందట. "కానీ బాబూ, మా అమ్మాయితో మాట్లాడుతుంటే నా మాట అవతలికి ఉన్నట్టుండి వినపడటం లేదు" అన్నారు. చూస్తే, ఆయన చెంప తగిలి మ్యూట్ నొక్కుకుంటోంది. చాలా చవక ఫోన్లలో చెవిని పసిగట్టే విడి సెన్సర్ ఉండదు. మిగతా సెన్సర్ల లెక్కతో ఫోన్ ఊహించుకుంటుంది, ఒక్కోసారి ఆ ఊహ తప్పుతుంది. స్క్రీన్ తుడిచాను, గ్లాస్ తీసి చూశాను, అప్‌డేట్ వేశాను. కొంచెం తగ్గింది గానీ పోలేదు. ఇప్పుడాయన స్పీకర్ ఆన్ చేసి మాట్లాడుతున్నారు, అమ్మాయి సమాచారం వీధి వీధంతా తెలుస్తోంది.