నరాల్లో కరెంటుంటే షాక్ కొట్టదేం?

విశాఖపట్నం

పిల్లలూ,

ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు ఒడ్డున కట్టేసి ఉన్న మరబోట్లు మళ్లీ వేటకి వెళ్లొచ్చాయి కదా, ఫిషింగ్ హార్బర్ అంతా ఒకటే సందడి. చేపలు కొందామని మనవరాల్ని వెంటపెట్టుకుని వెళ్లాను. వంజరాలూ రొయ్యలూ చూస్తుందనుకుంటే అది వెళ్లి స్క్విడ్ల (మెత్తటి ఒళ్లూ పది చేతులూ ఉండే సముద్రజీవులు) తట్ట ముందు కూర్చుంది. "ఇది మనోళ్లు అట్టే తినరమ్మా, ఐసులో ఏసి బయట దేశాలకి పంపేత్తారు" అని అమ్మే ఆవిడ చెబుతుంటే వినిపించుకోకుండా నా వైపు తిరిగి, "తాతయ్యా, నరాల్లో కరెంటు ఉంటుందని మా సైన్సు సార్ చెప్పారు. మరి మనకి షాక్ కొట్టదేం? దీన్ని ముట్టుకుంటే కొడుతుందా?" అంది.

వంజరం బేరమాడుతూ చెప్పగలిగిన జవాబు కాదది. అందుకని ఇంటికొచ్చి రాస్తున్నాను, అడిగింది ఒక్కతే అయినా మీకందరికీ.

తమాషా ఏమిటంటే, ఆ ప్రశ్నకి జవాబు మొదట దొరికింది ఆ తట్టలో ఉన్నలాంటి జీవిలోనే. మన నరాల్లో ఒక్కో పోగు చాలా సన్నం, చాలావాటికి మిల్లీమీటరులో వందో వంతు మందం కూడా ఉండదు. స్క్విడ్డుకి మాత్రం, శత్రువు కనపడగానే ఒంట్లోని నీళ్లు పిచికారీలా చిమ్మి వెనక్కి దూసుకుపోవాలి కనుక, ఆ కండరాలకి కబురు మోసే పోగు లావుగా, ఒక్కోసారి మిల్లీమీటరు దాకా ఉంటుంది. కంటికి కనిపిస్తుంది. కనిపించినా చాలాకాలం అందరూ దాన్ని రక్తనాళం అనుకున్నారు. అది నరం అని 1936లో జె.జెడ్. యంగ్ అనే ఆయన గట్టిగా చెప్పాడు.

ఇక అసలు మనిషి ఆలన్ హాడ్జ్‌కిన్. కేంబ్రిడ్జిలో చదివాడు, చిన్నప్పుడు పిట్టల వెంట తిరిగిన రకం. 1939 ఆగస్టులో ఆయనా, ఆయనకంటే చిన్నవాడైన ఆండ్రూ హక్స్‌లీ అనే కుర్రాడూ ఇంగ్లండులోనే ఉన్న ప్లిమత్ వెళ్లారు. అదీ మన ఊరిలాగే సముద్రం ఒడ్డున ఉన్న నేవీ ఊరు. వేటకి వెళ్లిన బోట్లు స్క్విడ్లు తెస్తేనే వాళ్లకి పని, తేకపోతే చేతులు ముడుచుకు కూర్చోవడమే. ముందు ఆ నరాన్ని నిలువుగా వేలాడదీసి లోపల పాదరసం బొట్లు వేశారు, లోపలి పదార్థం ఎంత చిక్కగా ఉందో చూద్దామని. బొట్టు కిందికి జారనే లేదు! లోపల జెల్లీలా గడ్డకట్టి ఉంది. సరే, నిలువుగా పట్టుకునే ఉన్నాం కదా, అదే దారిలో సన్నటి గాజుగొట్టం దింపి కరెంటు కొలిస్తే పోలా అనుకున్నారు. కొలిచారు. మామూలుగా నరం లోపలి వైపు బయటికంటే కొంచెం మైనస్‌లో ఉంటుంది. కబురు వెళ్లేటప్పుడు ఆ తేడా చెరిగిపోయి సున్నా అవుతుందని అప్పటిదాకా పెద్దలు చెప్పేవారు. వీళ్లకి సున్నా దాటి ప్లస్‌లోకి ఎగబాకింది. ఎందుకు ఎగబాకిందో తేల్చుకునేలోపే సెప్టెంబరు వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, సామాన్లు సర్దుకున్నారు. హాడ్జ్‌కిన్ విమానాల్లో పెట్టే రాడార్ల పనికి వెళ్లాడు, హక్స్‌లీ ఫిరంగుల గురి లెక్కలకి వెళ్లాడు.

అదే యుద్ధం మన ఊరికీ వచ్చింది, తెలుసా? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటా ముల్లే సర్దుకుని పల్లెటూళ్ల దారి పట్టిందని మా నాయనమ్మ చెప్పేది. ఆవిడ అన్నీ వదిలేసింది గానీ ఆవకాయ జాడీ వదల్లేదట, చంకనెట్టుకుని నడిచిందట. అప్పుడు పడిన బాంబు ఒకటి బీచ్ రోడ్డు మీద మ్యూజియంలో ఉంది, చూసి ఉంటారు. సరే, నాయనమ్మ సంగతి మొదలెడితే ఉత్తరం తెమలదు.

యుద్ధం అయ్యాక హాడ్జ్‌కిన్ వెనక్కి వచ్చి, వదిలిన చోటే మళ్లీ పట్టుకున్నాడు. నాకు ఆయనలో నచ్చేది అదే. ఈసారి బెర్నార్డ్ కాట్జ్ అనే ఆయనతో కలిసి, నరాన్ని ముంచే సముద్రపు నీళ్లలో ఉప్పు తగ్గించి చూశాడు. ఉప్పు తగ్గేకొద్దీ ఆ ఎగబాకడం కూడా తగ్గిపోయింది. అంటే మొత్తం రహస్యం ఉప్పులో ఉండే సోడియంలో ఉంది. మన నౌపడ మడుల్లో పండే ఉప్పే, వేరేది కాదు.

అదెలాగో చెప్పాలంటే మీరు నాతో ఒక పెళ్లికి రావాలి. అనకాపల్లి అవతల ఏదో పల్లెటూరు అనుకోండి. బఫే కాదు, బంతి భోజనాలు. వీధి పొడుగునా సన్నటి పందిరి వేసి, దాన్ని తడికలతో గదులు గదులుగా విడదీశారు. ఆ పందిరే నరం పోగు అనుకోండి. పందిరి బయట ఆకలితో నకనకలాడుతున్న జనం, వీళ్లు సోడియం. లోపల తినేసి, ఎప్పుడు బయటపడదామా అని చూస్తున్నవాళ్లు, వీళ్లు పొటాషియం, కొబ్బరినీళ్లలో బోలెడు ఉంటుందే అది. ప్రతి గదికీ రెండు తలుపులు: ఒకటి వచ్చేవాళ్లకి, ఒకటి పోయేవాళ్లకి. రెండూ వేసే ఉన్నాయి. ఇప్పుడు మొదటి గది దగ్గర ఎవడో తుంటరి వెధవ తడికని తోశాడు. వచ్చేవాళ్ల తలుపు ఠక్కున తెరుచుకుంది, ఆకలిగాళ్లు బిలబిలా లోపలికి పడ్డారు, ఆ తోపులాట పక్క తడికకి తగిలింది, అక్కడి తలుపూ తెరుచుకుంది, అక్కడా జనం పడ్డారు, అది ఆ పక్క తడికకి తగిలింది... ఈలోగా మొదటి గదిలో వచ్చేవాళ్ల తలుపు మూసుకుపోయి, పోయేవాళ్లది తెరుచుకుని, తిన్నవాళ్లు బయటికి వెళ్లిపోయారు, గది సద్దుమణిగింది. ఒక్కో గదిలో ఈ తతంగమంతా దాదాపు సెకనులో వెయ్యో వంతులో అయిపోతుంది. పైగా మూసుకున్న తలుపుకి కాసేపు గడియ పడిపోతుంది, ఎవరు తోసినా రాదు, అందుకే గోల ముందుకే గానీ వెనక్కి రాదు.

చూశారా, మొదటి గదిలో దూరినవాడు ఆఖరి గదికి వెళ్లలేదు, అక్కడే ఉన్నాడు. పందిరి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లింది గోల ఒక్కటే. మనింటి కరెంటు తీగకీ నరానికీ అదీ తేడా. ఈ గోలంతా కలిపినా వోల్టులో పదో వంతు, అంతే! గడియారంలో వేసే పెన్సిల్ బ్యాటరీయే ఒకటిన్నర వోల్టులు, అదే మనకి షాక్ కొట్టదు, ఇదేం కొడుతుంది? అయితే ఇలాంటి చిన్న చిన్న వోల్టులనే వేలకి వేలు పేర్చుకుని నిజంగానే షాక్ కొట్టే టేకి చేపలు మన సముద్రంలోనూ ఉన్నాయి, వాటి జోలికి పోకండి. ఐసులో ఉన్న స్క్విడ్డు సంగతా? అక్కడ పెళ్లి ఎప్పుడో అయిపోయింది, భయపడక్కర్లేదు.

మరి లోపలికొచ్చిన సోడియం లోపలే ఉండిపోతే? దానికి ఒక మేనమామ ఉన్నాడు. తలుపు దగ్గర నిలబడి ముగ్గురు సోడియంగాళ్లని మెడపట్టి బయటికి తోస్తాడు, ఇద్దరు పొటాషియంగాళ్లని చెయ్యిపట్టి లోపలికి లాగుతాడు, మళ్లీ ముగ్గురు, మళ్లీ ఇద్దరు, రాత్రీ పగలూ ఇదే. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టకుండా తోసేసి, తిన్నవాడిని మళ్లీ కూర్చోబెట్టే మర్యాద మీరు ఏ పెళ్లిలోనూ చూసి ఉండరు. నరం బతకాలంటే మాత్రం ఆ మర్యాదే కావాలి. ఈ మేనమామ అసలు పేరు సోడియం-పొటాషియం పంపు. దాన్ని డెన్మార్కులో యెన్స్ స్కౌ అనే ఆయన పీతల నరాల్లో పట్టుకుని 1957లో ప్రకటించాడు, నలభై ఏళ్ల తర్వాత నోబెల్ ఇచ్చారు. మీ ఒంటి బరువులో మెదడు రెండు శాతమే, తిండి మాత్రం ఇరవై శాతం దాకా అదే లాగేస్తుంది, అందులో మేనమామ జీతం చాలా ఉంది. టిఫిన్ మానేసి స్కూలు బస్సు ఎక్కేవాళ్లకి ఈ వాక్యం రెండుసార్లు చదివే శిక్ష వేస్తున్నాను.

హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఈ తలుపుల్ని చూడలేదు. కొలతలు చూసి, ఇలాంటివి ఉండి తీరాలి అని లెక్క కట్టారు. ఆ లెక్క చెయ్యడానికి కేంబ్రిడ్జిలో ఒక కంప్యూటరు ఉండేది గానీ, అప్పుడే దాన్ని మార్పుల కోసం విప్పి పెట్టారు. హక్స్‌లీ చేత్తో పిడి తిప్పే యంత్రం మీద, గోల పరుగు ఎలా ఉంటుందో మూడు వారాల పాటు లెక్క వేశాడు.

అలాంటి యంత్రం నాకు తెలుసు. మా నాన్న గుమస్తా, ఆయన ఆఫీసులో ఫేసిట్ అని ఒకటి ఉండేది. సెలవుల్లో క్యారియర్ ఇవ్వడానికి వెళ్తే తిప్పనిచ్చేవారు. 347ని 26తో గుణించాలంటే 347 పెట్టి ఆరుసార్లు తిప్పాలి, ఒక గడి జరిపి రెండుసార్లు తిప్పాలి. వెనక్కి తిప్పితే తీసివేత, సున్నా కిందికి పోతే గంట కొట్టేది. నేను ఆ గంట కోసమే వెనక్కి తిప్పేవాడిని, పక్క బల్ల గుమస్తా గారు కళ్లజోడు పైనుంచి చూసేవారు. ఒక గుణకారానికే నా చెయ్యి పీకేది, మూడు వారాలు తిప్పడం అంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి! చివరికి లెక్కలో గోల వేగం సెకనుకి 18.8 మీటర్లు వచ్చింది. నిజం నరంలో కొలిస్తే 21.2. అంత దగ్గరగా వచ్చింది. 1952లో అచ్చువేశారు, 1963లో నోబెల్ వచ్చింది. తలుపు ఒక్కటి తెరుచుకున్నప్పుడు వచ్చే కరెంటుని విడిగా కొలవడం 1976లో గానీ కుదరలేదు, పొటాషియం తలుపు ఆకారం 1998లో గానీ తెలియలేదు. కళ్లకి కనపడనిదాన్ని లెక్కతో పట్టుకోవడమంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఇప్పుడు మీ పని. 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకోండి. ఒకరు పైన పట్టుకుని నిలువుగా వేలాడదీయాలి, రెండోవారు కింద సున్నా దగ్గర బొటనవేలూ చూపుడువేలూ తెరిచి ఉంచాలి, ముట్టుకోకూడదు. పైవాళ్లు చెప్పకుండా వదిలేయాలి, కిందవాళ్లు పట్టేయాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే సెకనులో ఐదో వంతు పట్టిందన్నమాట. చేతి నరాల్లో గోల వేగం సెకనుకి 50 మీటర్లు, ఆ పైనే. మీ చెయ్యి మీటరు కూడా లేదు. అంటే మెదడు నుంచి వేలి దాకా పోయే ప్రయాణానికి ఐదో వంతులో పదో భాగం చాలు. మిగతా టైమంతా ఎక్కడ ఖర్చయింది? ఎడమ చేత్తో చేయండి, నిద్ర లేవగానే చేయండి, అమ్మమ్మ చేత పట్టించండి, పక్కనెవరో మాట్లాడుతుండగా పట్టండి, అంకెలన్నీ కాగితం మీద రాసి నాకు పంపండి.

మీ
తాతయ్య