ఇంజన్‌కి బీపీ చూశాం

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, మైపాడు సముద్రానికి దగ్గర్లో మా బావకి నాలుగు రొయ్యల గుంటలున్నాయి. గట్ల మీద మేత బస్తాలు మోయడానికి ఆయన ఓ నాలుగు చక్రాల బండి చేయించుకున్నాడు. చూసినవాళ్లు ఏటీవీ అంటారు గానీ అది ఏ కంపెనీదీ కాదు. వెల్డింగ్ షాపులో కట్టిన పైపుల చట్రం, ఆటో టైర్లు, మధ్యలో పాత యమహా ఆర్‌ఎక్స్ 100 ఇంజన్. రోడ్డెక్కదు, గట్టు దిగదు.

పోయిన వేసవిలో ఎవరో చెప్పారని దానికి పొట్ట ఉబ్బిన రేసింగ్ సైలెన్సర్ ఒకటి తగిలించాడు. మోత నాలుగు గుంటల అవతలికి వినపడింది. మూడో రోజు బస్తాల లోడుతో పోతూ పోతూ ఇంజన్ కిర్రుమని ఆగిపోయింది. కిక్ రాడ్ కిందికి దిగలేదు. పిస్టన్ పట్టేసింది, అంటే సిలిండర్లో ఇరుక్కుపోయింది. "ఈసారి ఇంకా పెద్ద కార్బొరేటర్ కూడా వేసేద్దామా?" అని ఫోన్ చేశాడు. ముందు ఏం చెడిందో చూద్దాం, డబ్బులు అక్కడే పెట్టుకో అన్నాను.

ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. 98 సీసీ. సిలిండర్ అడ్డకొలత 50 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరమూ 50 మిల్లీమీటర్లే. నిమిషానికి 7,500 చుట్ల దగ్గర 11 హార్స్‌పవర్ ఇస్తుంది. ఇది టూ స్ట్రోక్ ఇంజన్. అంత చిన్న ఇంజన్‌కి అంత బలం రావడానికి కారణం, క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) తిరిగే ప్రతి చుట్టుకీ ఒకసారి పెట్రోలు మండడం. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకి ఒకసారే మండుతుంది.

అయితే ఈ లాభం ఊరికే రాదు. ఫోర్ స్ట్రోక్‌లో పిస్టన్ కింది భాగానికి పెద్దగా పని ఉండదు. టూ స్ట్రోక్‌లో ఆ కింది గదే, అంటే క్రాంక్ కేసే, గాలి పంపు. పిస్టన్ పైకి లేస్తే కింద ఖాళీ ఏర్పడి కార్బొరేటర్ నుంచి గాలీ పెట్రోలూ లోపలికి వస్తాయి. దిగితే అదే మిశ్రమం నొక్కుకుపోయి, పక్క దారుల గుండా పైకి ఎగదన్నుకుంటుంది. ఇంగ్లండులో జోసెఫ్ డే చేసిన 130 ఏళ్ల కిందటి ఉపాయం ఇది. పంపు అన్నాక గాలి కారకూడదు. సైకిల్ పంపు వాషర్ పోతే ఎంత కొట్టినా టైరు ఎక్కదు కదా, ఇదీ అంతే. క్రాంకు రెండు కొసల్లో ఉన్న రెండు రబ్బరు ఆయిల్ సీళ్లే ఈ పంపుకి వాషర్లు. రెండూ కలిపి ఖరీదు రెండు బిర్యానీలంత ఉంటుందేమో.

క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్‌ని లోపలికి లాగి తెల్ల పొగ కక్కుతుంది, కాబట్టి తెలిసిపోతుంది. మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు సీల్ పోతే దొంగచాటుగా గాలి పీలుస్తుంది. పొగ ఉండదు, కారడం ఉండదు. పెట్రోలు పాలు తగ్గి గాలి పాలు పెరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలినా చుట్లు వెంటనే తగ్గవు. 'బండి భలే ఫ్రీగా ఉంది' అనిపించేది కూడా అప్పుడే. పెట్రోల్లోనే 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ నూనె) కలిపి పోసే బండి అయితే పెట్రోలుతో పాటు నూనె కూడా తగ్గిపోతుంది. మా బావది అలాంటిదే, ఆయిల్ పంపు ఎప్పుడో తీసేశారు.

ఇంజన్ విప్పకముందే ఈ సీళ్ల సంగతి తేల్చుకోవాలి, విప్పాక సాక్ష్యం పోతుంది. ప్లగ్ కంతలో డీజిల్ పోసి రాత్రంతా వదిలేస్తే పొద్దునకి పిస్టన్ కదిలింది. సైలెన్సర్ ఊడదీసి, ఆ కంతకి సైకిల్ ట్యూబు ముక్క పెట్టి, మీద ఇనుప పలకతో బిగించాం. కార్బొరేటర్ కూర్చునే రబ్బరు మూతిలో బిరడా దూర్చి, దానికో చిన్న కన్నం పెట్టాం. ఇక గాలి కొట్టాలి, ఒత్తిడి కొలవాలి. దీనికి మెకానిక్కులు చెప్పే లెక్క చదరపు అంగుళానికి 6 పౌండ్లు, ఆరు నిమిషాలు. ఇంజన్ నడిచేటప్పుడు క్రాంక్ కేసులో పుట్టే ఒత్తిడీ ఇంచుమించు అంతే. కారు టైర్ల గేజి మీద 6 పౌండ్లంటే ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు. ఏం చేద్దామా అనుకుంటుంటే అత్త బీపీ మిషన్ కనపడింది. గడియారం లాంటి ముల్లున్న పాత రకం. దాని చివరి గీత 300 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 5.8 పౌండ్లు. గాలి కొట్టడానికి రబ్బరు బుడ్డి కూడా దానికే ఉంది. అంతకన్నా ఏం కావాలి?

"ఏంది బామ్మర్దీ, ఇంజన్‌కి బీపీ ఎక్కువైందా?" అన్నాడు బావ.

తక్కువైంది. బుడ్డి ఎంత నొక్కినా ముల్లు 200 దాటలేదు, వదిలితే అర నిమిషంలో సున్నాకి వచ్చేసింది. మాగ్నెట్ ఊడదీసి సబ్బు నురగ పూస్తే ఎడమ సీల్ చుట్టూ బుడగలు లేచాయి. ఉప్పు గాలికి క్రాంకు కొస తుప్పు పట్టి, ఆ గరుకు రబ్బరు పెదవిని కోసేసింది. కొత్త సీల్ వేసేముందు ఆ కొసని సన్న ఎమెరీ కాగితంతో నున్నగా రుద్దాం. లేకపోతే కొత్తదీ నెల తిరక్కుండానే పోయేది.

హెడ్ విప్పితే పిస్టన్‌కి సైలెన్సర్ వైపు నిలువు గీతలు, సిలిండర్ గోడకి అంటుకున్న అల్యూమినియం మరకలు. పట్టేయడం అంటే ఏమిటో ఇక్కడ కంటికి కనపడుతుంది. పిస్టన్ అల్యూమినియం మిశ్రమం, సిలిండర్ లోపలి గోడ పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు ఉబ్బుతుంది. 50 మిల్లీమీటర్ల పిస్టన్ 150 డిగ్రీలు వేడెక్కితే 0.15 మిల్లీమీటర్లు పెరుగుతుంది. సిలిండర్ 100 డిగ్రీలు వేడెక్కినా 0.06 కూడా పెరగదు. ఈ తేడా కోసమే పిస్టన్ తల వైపు సన్నగా, కింద కాస్త వెడల్పుగా చేస్తారు. ఆ కింద వదిలే సందు 0.03, 0.04 మిల్లీమీటర్ల ప్రాంతం, తల వెంట్రుక మందంలో సగం. గాలి ఎక్కువై, నూనె తగ్గి, వేడి పెరిగితే ఆ సగం వెంట్రుక కూడా మిగలదు.

బోరింగ్ (సిలిండర్ లోపలి గోడని గీకి వెడల్పు చేయడం) దగ్గర పొదుపు చేయొద్దనే చెబుతాను. లేత్ షాపుకి సిలిండర్ ఒక్కటే పంపితే లాభం లేదు, కొత్త పిస్టన్ కూడా చేతికివ్వాలి. ఆ పిస్టన్ని మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి తగ్గట్టు బోరు కొట్టాలి. సైజు పెంచితే పవర్ పెరుగుతుందని ఆశ పడేవాళ్లుంటారు. 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్ వేస్తే పెరిగేది ఒక్క సీసీ. ఏకంగా 1 మిల్లీమీటరు పెంచినా 102 సీసీ, అంటే నాలుగు శాతం. మేం 0.50 దగ్గర ఆగాం, గోడ మీది గీతలు అక్కడికే చెరిగిపోయాయి కాబట్టి.

బోరు కొట్టాక పోర్టుల, అంటే సిలిండర్ గోడలో మిశ్రమమూ పొగా పోయే కంతల, అంచులు కత్తిలా తయారవుతాయి. వాటిని అలాగే వదిలేస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగు తగులుకుని విరుగుతుంది. వేలికి సన్న ఎమెరీ చుట్టి ఒక్కో అంచునీ మొండి చేస్తూ గంట సేపు కూర్చున్నాను. తర్వాత కడగడం. పెట్రోలుతో కడిగితే హోనింగ్‌లో (గోడని రాయితో రుద్దడంలో) రాలిన పొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడి నీళ్లు, అంట్లు తోమే సబ్బు, బ్రష్షు కావాలి. తెల్ల గుడ్డతో తుడిస్తే నలుపు అంటనంత వరకూ కడిగి, ఆరీ ఆరగానే నూనె రాశాం. ఆ గాలిలో పది నిమిషాలు వదిలినా ఎర్ర తుప్పు వస్తుంది. రింగుని సిలిండర్లోకి దించి, కొసల మధ్య ఫీలర్ గేజి (సందులు కొలిచే సన్న రేకు) పెట్టి చూస్తే 0.2 మిల్లీమీటర్లు. సరిపోయింది.

ఇక ఆ సైలెన్సర్ మాట. అది పనికిరానిదేమీ కాదు. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ ఇలాంటి పైపులతోనే 1961కల్లా 125 సీసీ ఇంజన్ నుంచి 25 హార్స్‌పవర్ రాబట్టాడు. అదే ఏడాది ఆ జట్టు రేసర్ ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి దేశం దాటిపోయి, ఆ రహస్యాలతో సుజుకీలో చేరాడు. మరుసటి ఏడే 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు.

ఆ రహస్యమంతా పైపు ఆకారంలోనే ఉంది. పొగ బయటికి దూకినప్పుడు ఒక ఒత్తిడి అల బయలుదేరుతుంది. పైపు వెడల్పయ్యే చోట అది పీల్చే అలగా వెనక్కి తిరిగి సిలిండర్‌ని ఊడ్చేస్తుంది. మళ్లీ సన్నబడే చోట నెట్టే అలగా తిరిగివచ్చి, బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని పోర్టు మూసుకునే లోపు లోపలికి తోస్తుంది. అంతా సమయం మీదే. 7,500 చుట్ల దగ్గర ఒక చుట్టుకి 8 మిల్లీ సెకన్లు, అందులో పొగ పోర్టు తెరిచి ఉండేది దాదాపు సగం. వేడి పొగలో అల సెకనుకి సుమారు 500 మీటర్లు పోతుంది. 4 మిల్లీ సెకన్లకి 2 మీటర్లు, పోనూ రానూ కాబట్టి మీటరు దూరం. అదే పైపు పెట్టుకుని గట్టు మీద 4,000 చుట్లతో పోతే పోర్టు 7 మిల్లీ సెకన్ల పైన తెరిచి ఉంటుంది. అల ముందే వచ్చి పోతుంది, తర్వాత మిశ్రమం తాపీగా బయటికి కారిపోతుంది. బస్తాలు మోసే బండికి అది బలం కాదు, పెట్రోలు దండగ. పాత సైలెన్సర్‌నే లోపలి మసి పోయేలా కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి కడిగి మళ్లీ బిగించాం. అది ఇనుము కాబట్టి సరిపోయింది. కాస్టిక్‌ని అల్యూమినియం దగ్గరికి రానిస్తే తినేస్తుంది.

మేం నిజంగా మార్చినది ఒకటే, మెయిన్ జెట్, అంటే కార్బొరేటర్లో పెట్రోలు వచ్చే సన్న కంత ఉన్న ముక్క. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. దానిలో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి పాత జెట్‌తో మిశ్రమం 7, 8 శాతం పలచనవుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు ఉండదు. కొత్త బండ్లలో సెన్సర్ చూసి సర్దుకుంటుంది, దీనికి మనమే సర్దాలి. పైగా మే నెల 42 డిగ్రీల ఎండలో ఉన్న గాలి కన్నా డిసెంబరు తెల్లవారుజామున గాలి దాదాపు 7 శాతం చిక్కన, అప్పుడు మిశ్రమం ఇంకా పలచన. అందుకే ఒక సైజు పెంచి చూసి, ప్లగ్ ఇంకా తెల్లగానే ఉంటే, అంటే పెట్రోలు చాలకపోతే, మరో సైజు పెంచాం. ఫుల్ యాక్సిలరేటర్‌లో గట్టు చివరి దాకా పోయి, అక్కడే ఇంజన్ ఆపి ప్లగ్ విప్పితే ఈసారి కాఫీ పొడి రంగు, అంటే పాలు కుదిరింది.

బిగించాక మళ్లీ బీపీ చూశాం. 300కి ఎక్కించి ఆరు నిమిషాలు ఆగితే ముల్లు 290 దగ్గర నిలబడింది. అత్త మిషన్ అత్తకి ఇచ్చేశాం. ఇప్పుడు సాయంత్రం బండి ఆపేముందు బావ పెట్రోలు ట్యాపు కట్టేసి, కార్బొరేటర్లో ఉన్నది మండిపోయేదాకా నడుపుతున్నాడు. వానాకాలం గట్టు బురదై వారం పది రోజులు బండి కదలదనుకుంటే, ప్లగ్ విప్పి చెంచాడు 2టీ ఆయిల్ పోసి, నాలుగు కిక్కులు కొట్టి పట్టా కప్పేస్తాడు.