కాలేజీ గణాంకాలు చూసి క్వార్టర్‌బ్యాక్ భవిష్యత్తు చెప్పొచ్చా? అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు కాలేజీ ఆటగాళ్లను రౌండ్ల వారీగా, వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ జరిగే నెల అది. అమెరికాలో స్థిరపడిన మన స్నేహితులు, ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్ల పిల్లలు అడిగేది ఒకటే: "కాలేజీలో ఇన్ని టచ్‌డౌన్లు వేశాడు కదా అన్నా, ప్రొఫెషనల్‌గా నిలబడతాడా?" ఆటగాళ్ల గణాంకాలతో పనిచేయడమే నా వృత్తి కాబట్టి ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేను. ఇందులో ఇరవై రెండేళ్ల కుర్రాడి జీవితం ఉంటుంది, ఒక జట్టు నాలుగైదేళ్ల భవిష్యత్తు కూడా ఉంటుంది.

ఈ ఆట అంతగా తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. దాడి చేసే జట్టులో బంతి అందుకుని, ఎవరికి విసరాలో రెండు మూడు క్షణాల్లో తేల్చుకోవాల్సినవాడు క్వార్టర్‌బ్యాక్. పాస్‌తో బంతి ముందుకెళ్లిన దూరమే యార్డులు, ప్రత్యర్థి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు, అంటే ఆ కుర్చీలు 32 మాత్రమే.

అపోహ: యార్డులు, టచ్‌డౌన్లు ఎవరికి ఎక్కువుంటే వాళ్లే గొప్ప.

వాస్తవం: 2003లో టెక్సస్ టెక్ తరఫున బి.జె. సైమన్స్ ఒక్క సీజన్‌లో 5,833 యార్డుల పాసులు వేశాడు. అప్పటికి అది రికార్డు. డ్రాఫ్ట్‌లో మాత్రం ఆఖరిదైన ఏడో రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క రెగ్యులర్ సీజన్ మ్యాచ్ కూడా ఆడలేదు. అదే కాలేజీలో తర్వాత ఆడిన గ్రాహం హారెల్ మొత్తం 15,793 యార్డులు, 134 టచ్‌డౌన్లు వేస్తే 2009 డ్రాఫ్ట్‌లో అతని పేరే పిలవలేదు. హవాయి యూనివర్సిటీ కుర్రాడు కోల్ట్ బ్రెనన్ 2006లో 58 టచ్‌డౌన్లతో రికార్డు సృష్టించాడు. అతనికీ రెగ్యులర్ సీజన్‌లో మైదానంలోకి దిగే రోజు రాలేదు.

కారణం ఆడే పద్ధతిలో ఉంది. మైక్ లీచ్ కోచ్‌గా ఉన్న రోజుల్లో టెక్సస్ టెక్ "ఎయిర్ రెయిడ్" ఆట ఆడేది. రిసీవర్లను (పాసులు అందుకునేవాళ్లను) మైదానం అంతటా పరిచేసి, బంతిని త్వరగా వదిలేస్తూ, మ్యాచ్‌కి యాభై పాసులైనా వేసే ఆట. అన్ని పాసులు వేస్తే యార్డులు వాటంతటవే పోగవుతాయి. అందుకే నేను మొత్తాలను పక్కన పెట్టి, ఒక్కో పాస్‌కి ఎన్ని యార్డులు వచ్చాయి, ఎదురుగా ఉన్న డిఫెన్స్ ఎంత బలమైనది అని చూస్తాను. క్రికెట్ భాషలో చెప్పాలంటే, బౌలింగ్ ఎలాంటిదో తెలియకుండా రంజీ సగటు చూసి టెస్ట్ బ్యాట్స్‌మన్‌ని ఎంచుకోలేం.

ఇక్కడే చాలామంది రెండో తప్పు చేస్తారు. "ఎయిర్ రెయిడ్ కుర్రాళ్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పనికిరారు" అని ఏళ్ల తరబడి అన్నారు. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అగ్రశ్రేణి క్వార్టర్‌బ్యాక్ అయిన ప్యాట్రిక్ మహోమ్స్ చదివింది ఆ టెక్సస్ టెక్‌లోనే. 2016లో అతను 5,052 యార్డులు వేసినా జట్టు ఏడు మ్యాచ్‌లు ఓడింది. ఓక్లహోమా మీద ఒక్కడే 734 యార్డులు వేశాక కూడా 66-59తో ఓడిపోయారు. ఆ మ్యాచ్‌ని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పద్ధతి అంకెల్ని పెంచుతుందన్నది నిజమే, కానీ ఆ పద్ధతిలో ఆడిన ప్రతివాడూ దాని నీడేనని అనుకుంటే మహోమ్స్ లాంటివాణ్ణి చేజార్చుకుంటాం. 2017లో అతనికంటే ముందు తొమ్మిది మందిని ఎంచుకున్నారు.

జో బరో సంగతి కూడా చూడండి. 2018లో ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 57.8 శాతం పాసులు అందించిన కుర్రాడు మరుసటి ఏడాది 76.3 శాతం అందించి, 60 టచ్‌డౌన్లు వేశాడు. మనిషి మారలేదు, చుట్టూ పరిస్థితి మారింది. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ నుంచి వచ్చిన కోచ్ జో బ్రాడీ పాసింగ్ ఆటను తిరగరాశాడు. బంతి అందుకునేవాళ్లలో జమార్ చేజ్ 20, జస్టిన్ జెఫర్సన్ 18 టచ్‌డౌన్లు పట్టారు. ఆ ఇద్దరూ ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అగ్రశ్రేణి రిసీవర్లు. ఆ అంకెల్లో బరో వాటా ఎంత, వాళ్ల వాటా ఎంత? నా పనిలో సగం ఈ పంపకమే. 2021లో వెస్టర్న్ కెంటకీ నుంచి బెయిలీ జాపీ 62 టచ్‌డౌన్లతో బరోని, 5,967 యార్డులతో సైమన్స్‌ని దాటేశాడు. అయినా బరో మొదటి ఎంపికైతే, జాపీ నాలుగో రౌండ్‌లో వెళ్లాడు.

అపోహ: కంప్లీషన్ శాతం (వేసిన పాసుల్లో నూటికి ఎన్ని అందాయి) చూస్తే గురి తెలిసిపోతుంది.

వాస్తవం: కొంతే తెలుస్తుంది. పక్కనే ఉన్నవాడికి స్క్రీన్ పాస్ ఇచ్చినా, 40 యార్డుల అవతల పరిగెడుతున్నవాడి చేతుల్లో పెట్టినా లెక్కలో రెండూ ఒకటే. అందుకే ఈ రోజుల్లో మేం పాస్ దూరాన్ని బట్టి మామూలుగా ఎన్ని అందుతాయో ముందు లెక్కగట్టి, కుర్రాడు దానికి పైన ఉన్నాడా, కింద ఉన్నాడా అని చూస్తాం.

ఈ మాట అనగానే అందరూ జాష్ అలెన్ పేరు ఎత్తుతారు. వయోమింగ్‌లో అతనిది 56.2 శాతం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొదటి ఏడాది 52.8, మూడో ఏడాది 69.2, 2024లో ఎంవీపీ, అంటే ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు. గొప్ప కథే. కానీ ఆ కథను పట్టుకుని గురిలేని ప్రతి బలమైన చేతి మీద జూదం ఆడితే అన్యాయమయ్యేది ఆ కుర్రాళ్లకే. ఫ్లోరిడాలో 2022లో 53.8 శాతం వేసిన ఆంథనీ రిచర్డ్‌సన్‌ని నాలుగో ఎంపికగా తీసుకున్నారు. 2024లో అతను 47.7 శాతం దగ్గర ఆగాడు. కాలేజీలో ఈ శాతం తక్కువగా ఉన్నవాళ్లలో ఎక్కువమంది దారి ఇదే.

అపోహ: రేటింగ్ రేటింగే, కాలేజీదైనా ఎన్‌ఎఫ్‌ఎల్‌దైనా.

వాస్తవం: పాసుల అంకెలన్నిటినీ కలిపి ఒక్క సంఖ్యగా చెప్పేదే రేటింగ్, కానీ రెండు చోట్లా సూత్రాలే వేరు. ఎన్‌ఎఫ్‌ఎల్ రేటింగ్ 158.3 దాటదు, కాలేజీ రేటింగ్ అంతకంటే చాలా పైకి వెళ్లగలదు. అంతకంటే ముఖ్యమైన తేడా శాక్‌లది. బంతి వదలకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడితే పోయిన యార్డులను కాలేజీ లెక్కల్లో పరుగు ఖాతాలో కోస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్టు పాసింగ్ ఖాతాలో కోస్తారు. దాంతో బంతిని చేతిలో పెట్టుకుని తడబడేవాడి పాసింగ్ అంకెలు కాలేజీలో శుభ్రంగా కనిపిస్తాయి. నేను ముందు ఈ ముసుగు తీస్తాను. శాక్ అంటే ఆఫెన్సివ్ లైన్ (క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ముందు వరస) వైఫల్యమని అనుకుంటాం గానీ, బంతి ఎప్పుడు వదలాలో తెలియని అలవాటు కుర్రాడితోపాటే పైకి వస్తుంది. నార్త్ కరోలైనాలో తరచూ శాక్ అయిన శామ్ హావెల్ 2023లో వాషింగ్టన్ తరఫున 65 సార్లు శాక్ అయ్యాడు. ఆ ఏడాది లీగ్‌లో అదే అత్యధికం.

అపోహ: కాలేజీలో ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో చూస్తే చాలు.

వాస్తవం: ఈ నమ్మకానికి గట్టి పునాదే ఉంది. 2006లో డేవిడ్ లెవిన్ ప్రతిపాదించిన పద్ధతిలో రెండే కొలతలు: ఎన్ని మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, కంప్లీషన్ శాతం ఎంత. అయితే అది మొదటి రెండు రౌండ్లలో ఎంపికైనవాళ్లకే వర్తిస్తుందని షరతు. ఆ షరతును చాలామంది మరిచిపోయారు. రెండు రౌండ్లలోపు వెళ్లారంటే స్కౌట్లు (జట్ల తరఫున ఆటగాళ్లను పరిశీలించేవాళ్లు) చేతి బలం, కాళ్ల కదలిక, ఆడిన పద్ధతి అన్నీ చూసి ముందే జల్లెడ పట్టారని అర్థం. జల్లెడలో నిలిచినవాళ్ల మధ్య తేడా చెప్పడానికి ఆ రెండు అంకెలు పనికొచ్చాయి. జల్లెడ తీసేసి అందరికీ వాడితే హారెల్ అగ్రస్థానంలో ఉంటాడు.

పైగా ఎక్కువ మ్యాచ్‌లు అంటే ప్రతిభ ఎక్కువని కాదు, మనకు తెలిసింది ఎక్కువని. 13 మ్యాచ్‌లే మొదలుపెట్టిన మిచెల్ ట్రుబిస్కీని 2017లో మహోమ్స్ కంటే ముందు, రెండో ఎంపికగా తీసుకున్నారు, కానీ అతను నిలదొక్కుకోలేదు. ఆబర్న్‌లో ఒక్క సీజనే ఆడిన క్యామ్ న్యూటన్ 2015లో ఎంవీపీ అయ్యాడు. తక్కువ ఆడినవాడి విషయంలో నేను "కాదు" అనను, అంచనా చుట్టూ గీసే గీతల్ని వెడల్పు చేస్తాను. 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే ఆఖరున, 262వ పేరుగా పిలిచిన బ్రాక్ పర్డీ అయోవా స్టేట్‌లో నాలుగేళ్లు ఆడినవాడు. రెండో ఏడాదికే జట్టును లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు.

ఇవన్నీ విన్నాక కొందరు "అయితే అంకెలు దండగ, వీడియో చూస్తే చాలు" అంటారు. నేను ఒప్పుకోను. 1998లో పేటన్ మానింగ్, రయాన్ లీఫ్ మొదటి రెండు ఎంపికలు. అంతకుముందు సీజన్‌లో మానింగ్‌వి 36 టచ్‌డౌన్లు, లీఫ్‌వి 34. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మానింగ్ దిగ్గజమైతే, లీఫ్ మొత్తం 14 టచ్‌డౌన్లు, 36 ఇంటర్‌సెప్షన్లతో (ప్రత్యర్థులకు చిక్కిన పాసులు) ముగించాడు. ఆ తేడా అంకెలు చూసినవాళ్లకీ, వీడియోలు చూసినవాళ్లకీ ముందుగా సరిగ్గా అందలేదు.

ఇంకో చిక్కు ఉంది, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది అదే. మొదటి రౌండ్ క్వార్టర్‌బ్యాక్‌లు ఏడాదికి ఒకరు (2022), ఎక్కువైతే ఆరుగురు (2024). ఇరవై ఏళ్లు కలిపినా వంద మంది కారు. ఇంత చిన్న గుంపు నుంచి నేర్చుకున్న మోడల్‌ని ఒక్క ఎంపిక తారుమారు చేయగలదు. పైగా "సఫలం" అని ఎప్పుడు రాయాలి? 2018లో మొదటి ఎంపిక అయిన బేకర్ మేఫీల్డ్‌ని క్లీవ్‌లాండ్ వదిలేసింది. రెండు జట్లు మారి టాంపా బేలో నిలదొక్కుకున్నాడు. మూడో ఎంపిక శామ్ డార్నల్డ్‌ని అందరూ విఫలుడన్నారు. 2024లో మిన్నెసోటా తరఫున 35 టచ్‌డౌన్లతో 14 మ్యాచ్‌లు గెలిపించాడు. ఆరేళ్లపాటు నా పట్టికలో డార్నల్డ్ పేరు పక్కన "విఫలం" అనే ఉంది. ఇప్పుడు ఆ గడిని ఖాళీగా ఉంచాను.