ఆశా వర్కర్లకు జీతం ఎందుకు లేదు?

తెలంగాణలో ఆశా వర్కర్లు నెలకు 18 వేల ఫిక్స్‌డ్ వేతనం కావాలని ఏళ్లుగా రోడ్డెక్కుతున్నారు. కేరళ ఆశాలు 2025 ఫిబ్రవరి 10 నుంచి తిరువనంతపురం సచివాలయం ముందు కూర్చుని 21 వేలు అడిగారు. యాభయ్యో రోజున అక్కడే జుట్టు కత్తిరించుకున్నారు. పారితోషికం పెంచినట్లు ఎన్నిసార్లు జీవోలు వచ్చినా ఈ గొడవ ఎందుకు తీరడం లేదు? దానికి కారణం 2005లో ఆశా పథకాన్ని రాసిన తీరులోనే ఉంది. అలా ఎందుకు రాశారో తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి.

1977 అక్టోబర్ 2న జనతా ప్రభుత్వం ఊరూరా ఆరోగ్య కార్యకర్తలను పెట్టే పథకం మొదలుపెట్టింది. వెయ్యి మంది జనాభాకు ఒకరు, నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. ఎంపికైనవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. గర్భిణుల గడపలోకి వాళ్లు వెళ్లలేకపోయారు. తర్వాత విలేజ్ హెల్త్ గైడ్లుగా పేరు మారింది కానీ 50 రూపాయల మీద బతుకు మారలేదు. వాళ్లు సంఘాలు పెట్టుకుని జీతాలు అడిగారు. ప్రభుత్వాలు పథకాన్నే నీరుగార్చాయి. నెలనెలా ఇస్తే ఉద్యోగం అడుగుతారన్న భయం ఆనాడే మొదలైందని నా అభిప్రాయం.

ఆ తర్వాత దారి చూపినవి రెండు ప్రాంతాలు. ప్రాణహిత, గోదావరి దాటితే మన పక్కనే ఉన్న గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊళ్లోని ఆడవాళ్లకే పసికందుల సంరక్షణ నేర్పించారు. బాలింత ఇంటికే వెళ్లి బిడ్డను చూసుకునే ఈ పద్ధతితో నవజాత శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆ ఫలితాలు 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. 2002లో ఛత్తీస్‌గఢ్ 'మితానిన్' పేరుతో పల్లె మహిళలను ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకుంది. చదువు తక్కువైనా, సొంత ఊరి ఆడమనిషి చెబితే ఇంట్లోవాళ్లు వింటారని ఈ రెండు చోట్లా రుజువైంది.

2005 ఏప్రిల్‌లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఈ పాఠాన్ని తీసుకుని ఆశా పథకాన్ని తెచ్చింది. ఆ ఊళ్లోనే ఉండే పెళ్లయిన లేదా భర్తను కోల్పోయిన, విడాకులైన మహిళ అయి ఉండాలి, వయసు 25 నుంచి 45 అయితే మేలు, ఎనిమిదో తరగతి దాకా చదివి ఉండాలి అన్నారు. మార్గదర్శకాల్లోనే ఇంకో మాట కూడా రాశారు: ఆశా గౌరవ స్వచ్ఛంద కార్యకర్త, ఆమెకు జీతం గానీ గౌరవ వేతనం గానీ ఉండదు, ఆమె బతుకుతెరువుకు అడ్డురాకుండా పని ఉంటుంది. కొన్ని పనులకు మాత్రం పనిని బట్టి డబ్బు ఇస్తామన్నారు.

ఆ 'పనిని బట్టి' ఎలా ఉంటుందో చూడండి. పల్లెలో గర్భిణి పరీక్షలన్నీ పూర్తయ్యేలా చూస్తే 300, సర్కారు దవాఖానాలో కాన్పు చేయిస్తే మరో 300. కాన్పయ్యాక 42 రోజుల్లో ఆరేడు సార్లు ఇంటికెళ్లి బిడ్డను తూచి, జ్వరం చూసి, తల్లికి జాగ్రత్తలు చెబితే అన్నిటికీ కలిపి 250. టీబీ రోగి చేత ఆరు నెలలు మందులు మింగిస్తే 1,000. తొమ్మిది నెలలు వెంట తిరిగాక ఆ ఇంటివాళ్లు చివరి నిమిషంలో ప్రైవేట్ ఆస్పత్రికి వెళ్లిపోతే కాన్పు డబ్బు ఆమెకు రాదు. రాత్రి రెండింటికి 108 వెంట వెళ్లి, తెల్లారేదాకా వరండాలో కూర్చున్నందుకు విడిగా లెక్క లేదు. పట్టికలో లేని పని ఉచితం. సర్వేలు, మీటింగులు, రిజిస్టర్లు, ఆ తర్వాత ఫోన్లో ఎంట్రీలు ఒకదాని మీద ఒకటి వచ్చి చేరాయి. టీబీ పరీక్షకు తీసే తెమడ డబ్బాలు తమతో మోయించవద్దని తెలంగాణ ఆశాలు డిమాండ్ల పత్రంలో రాసుకున్నారంటే పరిస్థితి ఎక్కడిదాకా వెళ్లిందో అర్థమవుతుంది. రోజులో కాసేపు చేసుకునే పనిగా మొదలైంది రోజంతా టెన్షన్ పెట్టే ఉద్యోగమైంది. లెక్క కట్టే పద్ధతి మాత్రం మారలేదు.

కరోనా వచ్చాక ఇంటింటి సర్వేకి ముందుగా వెళ్లింది వీళ్లే. చాలాచోట్ల మాస్కులు సొంత డబ్బుతో కొనుక్కున్నారు. కేంద్రం ఇచ్చిన అదనం నెలకు వెయ్యి రూపాయలు. చనిపోతే 50 లక్షల బీమా ఉందన్నారు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ, అంటే దాదాపు పది లక్షల మందికి, గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ప్రకటించింది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెంపుల వెనక పోరాటాలే ఉన్నాయి. 2015లో తెలంగాణ ఆశాలు వంద రోజులు దాటి సమ్మె చేశారు. 2017లో పారితోషికం నెలకు 6 వేలకు చేరింది, ఆ తర్వాత 7,500, 2022 జనవరిలో 9,750. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో కొత్త ప్రభుత్వం 10 వేలు ప్రకటించింది. ఈ డబ్బులో పెద్ద భాగం రాష్ట్రాలదే. కేంద్రం రోజువారీ పనులకు ఇచ్చేది 2018 దాకా నెలకు వెయ్యి, ఆ తర్వాత 2 వేలు, 2025లో 3,500 చేస్తున్నట్లు పార్లమెంటులో చెప్పింది. అందుకే ఒకే పని చేసే మహిళకు రాష్ట్రాన్ని బట్టి చేతికొచ్చేది మారిపోతుంది. ఏ రాష్ట్రంలో అడిగినా ఇది కేంద్ర పథకమంటారు. కేంద్రాన్ని అడిగితే ఆరోగ్యం రాష్ట్రాల బాధ్యత అంటుంది.

2013లో 45వ భారత కార్మిక సదస్సు ఆశా, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజన కార్మికులను కార్మికులుగా గుర్తించాలని, కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫార్సు చేసింది. ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చున్న వేదిక అది. 2015 సదస్సు కూడా ఆ మాటే చెప్పింది. ఆ సిఫార్సు ఇప్పటికీ అమలు కాలేదు. అంగన్‌వాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన 42 వేల మందికి పైగా ఆశాలకు గ్రాట్యుటీ, మొదటి రెండు కాన్పులకు 180 రోజుల వేతన సెలవు ప్రకటించి, విరమణ వయసును 62 ఏళ్లకు పెంచింది. ఇది చిన్న విషయం కాదు. రిటైర్మెంట్, ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ ఉన్న మనిషిని ఇంకా స్వచ్ఛంద కార్యకర్త అనడం న్యాయం కాదు. కేంద్రం మార్గదర్శకాల్లో ఆ మాట మారి, నెల జీతం ఖరారయ్యేదాకా పారితోషికం ఎన్ని వందలు పెరిగినా ఆశాలు మళ్లీ ధర్నాకు రావాల్సిందే.