స్విచ్ ఆపినంత మాత్రాన ప్రెషర్ పోదు: ఎయిర్‌లెస్ స్ప్రే మిషన్లపై అపోహలు - వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు సైట్లలో ఎయిర్‌లెస్ మిషన్ పట్టే పెయింటర్లలో చాలామంది అంతకుముందు కంప్రెసర్ గన్‌తో గేట్లు, తలుపులు, బండ్లు కొట్టినవాళ్లే. చేతిలో రెండు గన్లూ ఒకేలా ఉంటాయి. కానీ కంప్రెసర్ గన్ దగ్గర గాలి మామూలుగా 30 నుంచి 50 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి) ఉంటుంది. ఎయిర్‌లెస్‌లో అసలు గాలే ఉండదు. పిస్టన్ పంపు రంగునే 3000 పీఎస్ఐ దాకా నెడుతుంది, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 210 కిలోల ఒత్తిడి. కారు టైరులో ఉండేది 30, 35 పీఎస్ఐ మాత్రమే. పాత గన్‌కు అలవాటుపడిన చెయ్యి కొత్త గన్‌తోనూ అవే పనులు చేస్తుంది. ప్రమాదాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

అపోహ: "రంగేగా, చేతికి తగిలితే కడుక్కుంటే పోతుంది."

వాస్తవం: టిప్‌కు, అంటే గన్ ముందు రంగు బయటికి వచ్చే ముక్కుకు, ఆనుకుని ఉన్న వేలిలోకి రంగు సూదిలా దిగిపోతుంది. చర్మం చీలడానికి 100 పీఎస్ఐ చాలు, మన మిషన్‌లో దానికి 30 రెట్లు ఉంది. పైకి కనిపించేది గుండుసూది గుచ్చినంత రంధ్రం. రక్తం పెద్దగా రాదు, మొదట్లో నొప్పి కూడా అంతగా ఉండదు. అందుకే చాలామంది గుడ్డ చుట్టుకుని పని కొనసాగిస్తారు. లోపల మాత్రం రంగు నరాలు, కండరాల పక్కగా అరచేతి దాకా పాకి ఉంటుంది. కొన్ని గంటల్లో వాపు పెరిగి రక్తప్రసరణ ఆగిపోతుంది, థిన్నర్ కండను తినేస్తుంది. వైద్య పత్రికల్లో నమోదైన ఇలాంటి గాయాల్లో దాదాపు పది మందిలో ముగ్గురికి వేలో, అంతకన్నా ఎక్కువో తీసేయాల్సి వచ్చింది. ఎనామిల్, థిన్నర్ లాంటివి దిగినప్పుడు ఆపరేషన్ 6 గంటలు దాటితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది.

కాబట్టి రంధ్రం ఎంత చిన్నదైనా అప్పుడే బయల్దేరాలి. గాయాన్ని పిండకూడదు, వేడినీళ్లలో పెట్టకూడదు, పసుపు, కాఫీపొడి అద్దకూడదు. ఉంగరం ఉంటే వాచకముందే తీసేయండి. చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచండి. మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయాల్సి రావచ్చు కాబట్టి దారిలో టీ, టిఫిన్ వద్దు. రంగు డబ్బా లేబుల్‌ను ఫోనులో ఫోటో తీసి వెంట తీసుకెళ్లండి. వీధి చివరి క్లినిక్‌లో టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఇంటికి రావడం చికిత్స కాదు. తిరుపతిలో అయితే రుయా లేదా స్విమ్స్ ఎమర్జెన్సీకి వెళ్లండి. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర, అక్కడ చేతుల సర్జరీకి ప్రత్యేక విభాగమే ఉంది. డాక్టరుతో "గుచ్చుకుంది" అనకండి. "3000 పీఎస్ఐ మిషన్‌తో రంగు వేలి లోపలికి దిగింది, సర్జన్ చూడాలి" అని చెప్పండి. ఈ ఒక్క వాక్యం పని చేసే ప్రతి ఒక్కరికీ నోటికి వచ్చి ఉండాలి.

అపోహ: "గ్లోవ్స్ వేసుకున్నాం కదా."

వాస్తవం: రబ్బరు గ్లోవ్స్ థిన్నర్ తడి నుంచి కాపాడతాయి, అంతే. తోలు గ్లోవ్‌ను కూడా ఆ ధార దాటేస్తుంది. కాపాడేది టిప్‌కూ వేలికీ మధ్య ఉన్న దూరమే. ఆ దూరం ఉంచడానికే టిప్ ముందు రెండు రెక్కల గార్డు పెట్టారు. చుక్కలు కారుతున్నాయని దాన్ని తీసి పక్కన పడేసే అలవాటు వెంటనే మానాలి.

అపోహ: "స్విచ్ ఆపేశాం, ప్లగ్గు కూడా పీకేశాం. ఇక ఏం కాదు."

వాస్తవం: వేళ్లను ప్రమాదంలో పడేసే పెద్ద అపోహల్లో ఇదొకటి. మోటారు ఆగినా పంపులో, 15 మీటర్ల హోస్‌లో, గన్‌లో రంగు బిగిసిపోయి నిలిచే ఉంటుంది. కరెంటు పోయినప్పుడూ అంతే. ట్రిగ్గర్ నొక్కే దాకా, వాల్వు తిప్పే దాకా ఆ ప్రెషర్ ఎక్కడికీ పోదు. వదిలించే వరుస ఇది:

ముందు ట్రిగ్గర్ లాక్ వేయాలి. మిషన్ స్విచ్ ఆపి, ప్రెషర్ నాబ్‌ను పూర్తిగా కిందికి తిప్పాలి. ప్రైమ్ వాల్వును మెల్లగా ప్రైమ్ వైపు తిప్పితే పంపులోని రంగు చిన్న పైపు ద్వారా బకెట్‌లోకి దిగుతుంది. తర్వాత లాక్ తీసి, గన్ లోహపు భాగాన్ని ఇనుప బకెట్ అంచుకు గట్టిగా ఆనించి, లోపలికి గురిపెట్టి ధార ఆగే దాకా ట్రిగ్గర్ నొక్కాలి. మళ్లీ లాక్ వేయాలి. ప్రైమ్ వాల్వును తెరిచే ఉంచాలి.

టిప్ మార్చేముందు, ఫిల్టరు విప్పేముందు, భోజనానికి వెళ్లేముందు, నిచ్చెన జరిపేముందు ప్రతిసారీ ఇంతే. ఒక నిమిషం కూడా పట్టదు. ఇంట్లో మనుషులు ఉండగా పని చేస్తుంటే, పిల్లలు ఉన్నచోట గన్‌ను ప్రెషర్‌తో నేల మీద వదిలి వెళ్లడం క్షమించరానిది.

అపోహ: "టిప్ అడ్డుపడితే పిన్నుతో పొడిచి, వేలితో తుడిస్తే సరి."

వాస్తవం: ట్రిగ్గర్ లాక్ వేసి, టిప్ పిడిని 180 డిగ్రీలు తిప్పి, లాక్ తీసి, బకెట్‌లోకి ఒక్కసారి కొట్టండి. అడ్డు ఎదురు దిశలో బయటికి పోతుంది. మళ్లీ లాక్ వేసి పిడిని మామూలుగా తిప్పేయండి. అప్పటికీ రాకపోతే పైన చెప్పిన వరుసలో ప్రెషర్ వదలాలి. టిప్ అడ్డుపడి ఉన్నప్పుడు గన్ నుంచి ప్రెషర్ పోయిందో లేదో తెలియదు. అందుకే గార్డు నట్టును, లేదా గన్ దగ్గర హోస్ జాయింటును ఒక్కో చుట్టు చొప్పున చాలా మెల్లగా వదులు చేయాలి. సర్రుమనే శబ్దం ఆగాకే పూర్తిగా విప్పాలి. విప్పిన టిప్‌ను మెత్తని బ్రష్షుతో కడగండి. ఇనుప తీగ పెడితే రంధ్రం అంచు చెదిరి, ఫ్యాన్, అంటే విసనకర్రలా పరుచుకునే రంగు ధార, ఒక పక్కకు లాగుతుంది.

అసలు అడ్డు రాకుండా చూసుకోవడం సులువు. రంగును నైలాన్ గుడ్డలో వడకట్టాలి. ఎమల్షన్‌కు 60 మెష్ (అంగుళానికి 60 కన్నాల జాలి), ఎనామిల్‌కు 100 మెష్ గన్ ఫిల్టరు పెట్టాలి.

అపోహ: "ప్రెషర్ పెంచితే పని తొందరగా అవుతుంది."

వాస్తవం: పెరిగేది పొగమంచులా ఎగిరే రంగు, అరిగేది టిప్. తక్కువ నుంచి మొదలుపెట్టి, ఫ్యాన్ రెండు అంచుల్లో తోకల్లా వచ్చే గీతలు పోయే దాకానే పెంచండి, అక్కడ ఆపండి. ఎంత పెంచినా తోకలు పోకపోతే టిప్ అరిగిందన్నమాట. టిప్ మీద 517 అని ఉంటే 5 ను రెండుతో గుణించాలి: అడుగు దూరం నుంచి 10 అంగుళాల వెడల్పు. 17 అంటే రంధ్రం అంగుళంలో వెయ్యింట 17 వంతులు.

అపోహ: "హోస్‌కు చిన్న లీకేగా, టేపు చుడితే చాలు."

వాస్తవం: ఆ లీకు దగ్గర కూడా అదే 3000 పీఎస్ఐ ఉంటుంది. టేపు, క్లిప్పు, ఫెవిక్విక్ ఏదీ ఆగదు. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి వెతకడం మరీ ప్రమాదం, అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. హోస్ పారేసి, మిషన్ గరిష్ఠ ప్రెషర్‌కు సరిపడే రేటింగ్ ఉన్నది కొనాలి. కంప్రెసర్ గాలి పైపు దీనికి పనికిరాదు.

అపోహ: "బీడీ, సిగరెట్ ఎవరూ తాగడం లేదు, మంట ఎందుకు వస్తుంది?"

వాస్తవం: నీళ్ల ఎమల్షన్‌కు ఈ భయం లేదు. ఎనామిల్, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ లాకర్), పీయూ (పాలీయురేథేన్) కొట్టేటప్పుడు మాత్రం నిప్పు చాలా చోట్ల దాగి ఉంటుంది. టర్పెంట్ ఆవిరి రకాన్ని బట్టి 30 నుంచి 40 డిగ్రీల వేడికే అంటుకునే స్థితికి వస్తుంది. మే నెల మధ్యాహ్నం తిరుపతి ఎండ 40 దాటుతుందని వేరే చెప్పక్కర్లేదు. ఎన్‌సీ థిన్నర్‌లో ఉండే టోలిన్‌కైతే 4 డిగ్రీలు చాలు. ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేల వెంట పాకి పక్కగదిలోని దీపాన్ని చేరుతుంది. లాడ్జి గదుల్లో ఫ్రిజ్, ఏసీ, ఇంట్లో పూజగది దీపం, గ్యాస్ స్టవ్, దోమల బ్యాటు అన్నీ పని మొదలుకాకముందే ఆపాలి. ఆవిరి నిండాక స్విచ్ వేసినా, తీసినా నిప్పురవ్వే.

రెండో నిప్పు మిషన్ లోపలే పుడుతుంది. హోస్‌లో రంగు వేగంగా పారుతుంటే స్టాటిక్ కరెంటు పోగవుతుంది. దాన్ని భూమిలోకి పంపేది ఎర్తు తీగ ఒక్కటే. సైట్లో రెండు తీగలను ప్లగ్గు రంధ్రాల్లో దోపి అగ్గిపుల్లలతో బిగించి మిషన్ నడిపితే ఆ దారి మూసేసినట్టే. మూడు పిన్నుల ప్లగ్గు, మూడు తీగల ఎక్స్‌టెన్షన్ తప్పనిసరి. థిన్నర్ వాడేటప్పుడు ప్లాస్టిక్ బకెట్ వద్దు, ఇనుప బకెట్‌ను ఎర్తుకు తీగతో కలపండి. మిషన్‌ను స్ప్రే చేసే చోటికి కనీసం 6 మీటర్ల దూరంలో, బయట పెట్టండి. గాలి ఒక పక్క నుంచి వచ్చి మరో పక్కకు పోయేలా ఎదురెదురు కిటికీలు తెరవండి.

అపోహ: "ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే చాలు."

వాస్తవం: తువ్వాలు, సర్జికల్ మాస్కు ఆ పొగమంచును ఆపవు. ఎన్95 రంగు తుంపరను ఆపుతుంది కానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. ఎనామిల్‌కు థిన్నర్ ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, ముందు పార్టికల్ ఫిల్టరు ఉన్న రెస్పిరేటర్ కావాలి. ముక్కుకు వాసన తగిలిందంటే కార్ట్రిడ్జ్ అయిపోయింది. గడ్డం ఉంటే మాస్కు అంచు అతకదు. రెండు భాగాలు కలిపే పీయూలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి వాసనతో హెచ్చరించవు, ఒకసారి ఆస్తమా తెప్పిస్తే మళ్లీ కొంచెం తగిలినా ఊపిరి ఆడదు. అక్కడ బయటి గాలి అందించే మాస్కే సరైనది.

అపోహ: "మిషన్ రేపు కడిగితే పోలా?"

వాస్తవం: మన ఎండకు హోస్‌లోని ఎమల్షన్ అదే రోజు గట్టిపడుతుంది. ప్రైమ్ వాల్వులో రంగు ఎండితే అది తిరగదు, ప్రెషర్ వదిలే దారే మూసుకుపోతుంది. పని ఆపగానే ప్రెషర్ వదిలి, ఎమల్షన్‌కు నీళ్లు, ఎనామిల్‌కు టర్పెంట్ తేటగా వచ్చే దాకా తిప్పండి. గన్ ఫిల్టరు, పంపు ఫిల్టరు విప్పి కడగండి. పంపులో అల్యూమినియం భాగాలుంటాయి కాబట్టి మెథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింట్ రిమూవర్‌ను, బ్లీచింగ్ నీళ్లను ఎప్పుడూ పోయకండి, ప్రెషర్ కింద అవి పేలుడుకు దారితీయగలవు.