మయలిన్ కణాలు దారి ఎలా తెలుసుకుంటాయి: ఒక ప్రశ్న నేపథ్యం

నాడీకణాల నుంచి సాగే పొడవైన పోగులైన ఆక్సాన్ల చుట్టూ ఉండే కొవ్వు తొడుగుకు రుడాల్ఫ్ విర్చో 1854లో మయలిన్ అని పేరు పెట్టారు. దానిని ఏ కణాలు తయారుచేస్తాయో తేలడానికి ఆ తర్వాత సుమారు వందేళ్లు పట్టింది. 1921లో స్పెయిన్ శాస్త్రవేత్త పీయో దెల్ రియో ఓర్తేగా వెండి లవణాలతో రంగు పట్టించి మెదడు, వెన్నుపాములలోని ఒలిగోడెండ్రోగ్లియాను (అక్కడ మయలిన్ తయారుచేసే కణాలు; వీటినే ఒలిగోడెండ్రోసైట్లు అంటారు) గుర్తించారు. 1954లో బెట్టీ గెరెన్, కోడి పిండంలోని నాడుల్లో ష్వాన్ కణం (మెదడు, వెన్నుపాములకు వెలుపల మయలిన్ తయారుచేసే కణం) ఆక్సాన్‌ను చుట్లు చుట్లుగా చుట్టుకోవడం వల్లనే మయలిన్ ఏర్పడుతుందని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూపారు.

అయితే ఈ కణాలు అవసరమైన చోటే పుడతాయని అనుకున్నంత కాలం వాటి ప్రయాణం గురించి అడగవలసిన పని ఉండదు. ఆ ప్రశ్నకు అసలు బలం వచ్చింది 1990లలో. ఎలుక పిండపు వెన్నుపామును ముక్కలు చేసి పెంచినప్పుడు, తొలి దశలో పొట్టవైపు భాగాలు ఒలిగోడెండ్రోసైట్లను ఇవ్వగలిగాయి కాని వీపువైపు భాగాలు ఇవ్వలేకపోయాయని 1991లో తేలింది. అంటే పొట్టవైపు ఒక సన్నని పట్టీలో పుట్టే పూర్వకణాలే (తరువాత ఒలిగోడెండ్రోసైట్లుగా మారే కణాలు) వెన్నుపాము అంతటా వ్యాపించాలి. వాటి పుట్టుకను సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్ ప్రేరేపిస్తుందని, ఆలిగ్2 జన్యువు లేకపోతే వెన్నుపాములో అవి ఏర్పడవని తరువాతి సంవత్సరాల్లో రుజువైంది. వీపువైపు నుంచి కూడా కొన్ని పుడతాయని 2005లో తెలియడంతో మొదటి చిత్రాన్ని కొంత సవరించవలసి వచ్చింది.

ఇక దారి సంగతి. ఆక్సాన్లకు దిశ చూపే అణువులే ఈ కణాలకూ దిశ చూపుతాయని 2001 నుంచి వెలువడిన పరిశోధనలు తెలిపాయి. వెన్నుపాము పొట్టవైపు మధ్యరేఖ దగ్గర స్రవించే నెట్రిన్-1 అనే ప్రోటీన్ పూర్వకణాలను అక్కడి నుంచి తరిమివేస్తుంది. కాని దృష్టి నాడిపై జరిగిన కొన్ని ప్రయోగాలలో అదే నెట్రిన్ వాటిని ఆకర్షించింది. ఈ వైరుధ్యాన్ని ప్రయోగాల లోపంగా కొట్టివేయడం సరికాదు, ఎందుకంటే ఒకే సంకేతానికి కణం ఇచ్చే జవాబు దాని మీద ఉన్న గ్రాహకాలను (సంకేతాలను అందుకునే అణువులను) బట్టి మారుతుంది. ఎక్కడ ఆగాలో చెప్పే సంకేతం కూడా ఉంది: సిఎక్స్‌సిఎల్1 అనే కీమోకైన్ (కణాల కదలికను ప్రభావితం చేసే సంకేత ప్రోటీన్) పూర్వకణాల కదలికను నిలిపివేస్తుందని 2002లో కనుగొన్నారు.

వెన్నుపాముకు వెలుపల ఏర్పాటు వేరు. ష్వాన్ కణాల పూర్వకణాలు పిండంలోని నాడీ శిఖరం అనే కణసమూహం నుంచి బయలుదేరి, పెరుగుతున్న ఆక్సాన్లనే పట్టుకుని సాగుతాయి; జీబ్రా చేపలో ఆక్సాన్లు దారి తప్పితే వెంట వెళ్లే గ్లియా కణాలు (నాడీకణాలకు తోడ్పడే కణాలు) కూడా తప్పాయి. కేంద్ర నాడీ వ్యవస్థలో, అంటే మెదడు, వెన్నుపాములలో మాత్రం పూర్వకణాలకు ఆధారం రక్తనాళాలని 2016లో తేలింది. అవి నాళాల గోడల వెంట పాకుతూ, ఒక నాళం నుంచి మరొక నాళానికి దూకుతూ పోతాయి. డబ్ల్యుఎన్‌టి అనే ప్రోటీన్ల సంకేతం వాటిని నాళాలకు అంటిపెట్టి ఉంచుతుంది. అది తగ్గితేనే అవి నాళాన్ని విడిచి ఒలిగోడెండ్రోసైట్లుగా పరిణమిస్తాయి.

పిండకాలపు ఈ సంకేతాలలో కొన్ని పెద్ద వయసులోనూ కనిపిస్తాయి. మయలిన్ దెబ్బతినే వ్యాధి అయిన మల్టిపుల్ స్క్లెరోసిస్ గాయాలలో, దిశ చూపే అణువుల్లో ఒకటైన సెమాఫోరిన్ 3ఎ అనే ప్రోటీన్ ఉంటుంది. మయలిన్ దెబ్బతిన్న ఎలుకలకు ఆ ప్రోటీన్‌ను ఎక్కించినప్పుడు మయలిన్ తిరిగి ఏర్పడడం కుంటుపడిందని 2011లో ప్రచురితమైన ప్రయోగం చూపింది.