గుమ్మపాల మీద పదేళ్ల తగాదా

నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్య దూడలకు జీవితంలో ఒక్కసారే వేసే టీకా ఒకటుంది. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటు టీకాతో పాటు దీన్నీ చేర్చారు. అది బ్రూసెల్లోసిస్ టీకా. పశువులు ఈసుకుపోయేలా చేసే సూక్ష్మజీవి వ్యాధి ఇది. చూడి పశువు నెలలు నిండకుండా ఈసుకుపోతే రైతుకు దూడా దక్కదు, ఆ ఈత పాడీ దక్కదు. అదే సూక్ష్మజీవి పచ్చిపాలతో మనిషి ఒంట్లోకి చేరితే నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, రాత్రిపూట చెమటలు, కీళ్ల నొప్పులు. ఆవుకూ మనిషికీ మధ్య ఉన్న ఈ లంకెను పట్టుకున్నది పశువైద్యులూ కాదు, జ్వరాలు చూసే వైద్యులూ కాదు. పాలలోని సూక్ష్మజీవులను పరిశీలించిన ఆలిస్ ఇవాన్స్.

ఆమె 1881లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పి, కార్నెల్‌లో సూక్ష్మజీవుల శాస్త్రం (బ్యాక్టీరియాలజీ) చదివి, 1910లో విస్కాన్సిన్‌లో ఎమ్మెస్ పూర్తిచేశారు. డాక్టరేట్ చేయలేదు. ప్రభుత్వ వ్యవసాయ శాఖలోని పాడి విభాగంలో చేరి, 1913లో వాషింగ్టన్ ప్రయోగశాలకు వెళ్లారు.

అప్పటికే రెండు సూక్ష్మజీవులు తెలుసు. మాల్టా దీవిలో జ్వరంతో చనిపోయిన సైనికుల ప్లీహంలో 1887లో డేవిడ్ బ్రూస్ ఒకదాన్ని కనుగొన్నాడు. ఈసుకుపోయిన ఆవుల్లో 1897లో డెన్మార్క్‌కు చెందిన బెర్న్‌హార్డ్ బాంగ్ మరొకదాన్ని కనుగొన్నాడు. మాల్టా జ్వరం మేకపాలతో వస్తోందని 1905లో అక్కడి వైద్యుడు జమిత్ చూపాడు. సైన్యం మేకపాలు మానేశాక జ్వరం తగ్గింది కూడా. కానీ మొదటిది గుండ్రటిదనీ రెండోది కడ్డీలా ఉంటుందనీ రాసిపెట్టారు. దాంతో వాటిని పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచనే రాలేదు.

ఇవాన్స్ ఆ పని చేశారు. పైకి ఆరోగ్యంగా కనిపించే ఆవుల పొదుగు నుంచి అప్పుడే పితికిన పాలలోనే బాంగ్ చెప్పిన జీవి ఉంది. రెండింటినీ పోల్చితే దాదాపు తేడా తెలియలేదు. 1917లో బ్యాక్టీరియాలజిస్టుల సభలో చెప్పారు, మరుసటి ఏడు ప్రచురించారు. పాలు కాచకుండా తాగడం ప్రమాదమన్నారు.

సభలో వాళ్లు నమ్మలేదు. ఇంత దగ్గరివైతే ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదేం అన్నారు. ఆ రంగంలో పెద్దదిక్కయిన థియోబాల్డ్ స్మిత్ సందేహించడంతో మిగతావాళ్లకు సాకు దొరికింది. పాలను వేడిచేసి సూక్ష్మజీవులను చంపే పాస్చరైజేషన్ యంత్రాలు అమ్మేవాళ్లతో ఆమె కుమ్మక్కయిందని కొందరు పాడివారు నిందించారు. ఆడమనిషి, పైగా డాక్టరేట్ లేదు. ఆమె మాటకు విలువ ఇవ్వకపోవడానికి ఆ కాలంలో అంతకన్నా కారణం అక్కర్లేకపోయింది. ఆమె పరీక్షల్లో తప్పు చూపిన మనిషి మాత్రం లేడు.

1920లో కాలిఫోర్నియాలో కార్ల్ మేయర్ బృందం ఆమె ఫలితాన్ని బలపరిచి, రెండింటినీ కలిపి బ్రూస్ పేరు మీద ‘బ్రూసెల్లా’ అనే ప్రజాతిగా ప్రతిపాదించింది. 1922లో ప్రయోగశాలలో ఆ జబ్బే ఇవాన్స్‌కు సోకింది. ఇరవై ఏళ్లకు పైగా అది తిరగబెడుతూనే ఉంది. వైద్యులు నరాల బలహీనత అన్నారు, అంటే జబ్బు లేదని చెప్పడమే. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. తాను కనిపెట్టిన జబ్బు తనకే ఉందని నిరూపించుకోవలసి వచ్చింది. చివరికి శస్త్రచికిత్సలో తీసిన కణజాలంలో ఆ జీవి పెరిగింది.

ఆ దశాబ్దం చివరికి మనుషుల్లో కేసులు చాలాచోట్ల బయటపడ్డాయి. 1928లో అమెరికా బ్యాక్టీరియాలజిస్టుల సంఘానికి ఆమె మొదటి మహిళా అధ్యక్షురాలయ్యారు. 1930లలో అక్కడి పాడి పరిశ్రమ పాస్చరైజేషన్‌ను ఒప్పుకుంది. 63 డిగ్రీల వద్ద అరగంట, లేదా 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు వేడిచేస్తే ఈ జీవి చస్తుంది. మన పొయ్యి మీద పొంగిన పాలలో కూడా చస్తుంది. గుమ్మపాలు బలమని పొదుగు దగ్గరే పిల్లలకు పట్టే ఇళ్లలోనే ఆ రక్షణ తప్పిపోతుంది.

ఇక టీకా సంగతి. 1923లో జాన్ బక్ అనే పరిశోధకుడు ఒక జెర్సీ ఆవు పాల నుంచి ఈ జీవిని వేరుచేశాడు. ఏడాదికి పైగా గది వేడిలోనే ఉండిపోయిన ఆ కల్చర్ (ప్రయోగశాలలో పెంచిన జీవులు) రోగం తెచ్చే వాడి కోల్పోయింది. దాని సంతతే ఎస్-19, నేడు మన దూడలకు వేసేది. బతికున్న జీవి కాబట్టి చూడి పశువుకు వేస్తే ఈసుకుపోవచ్చు, సూది పొరపాటున గుచ్చుకుంటే వేసే మనిషికే సోకవచ్చు. పెద్ద పశువుకు వేస్తే తర్వాత రక్తపరీక్షలో టీకా ఏదో రోగమేదో తెలియకుండా పోతుంది. అందుకే ఆ నాలుగు నుంచి ఎనిమిది నెలల గడువు.